చెవి ఒప్పుకోవాలిగా!

చెవి బరువు సంగతి ఆడవాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పెళ్లికి బుట్టలు పెట్టుకుని వెళ్లి, తలంబ్రాల వేళకల్లా తమ్మెలు లాగేస్తుంటే, ఎవరూ చూడకుండా ఒక చేత్తో బుట్టని కాస్త పైకెత్తి పట్టుకుని సేద తీరిన వాళ్లమే మనమంతా. అందుకే మన పెద్దవాళ్లు మాటీలు చేయించుకునేవారు. ఆ చిన్న గొలుసు బుట్ట దగ్గర మొదలై, చెవి పైనించి పోయి జుట్టులో చిక్కుకుంటుంది. తమ్మె మొయ్యాల్సిన బరువుని తలకి పంచిపెడుతుంది. చూసేవాళ్లు దాన్నీ ఓ నగే అనుకుంటారు గాని, పెట్టుకున్న వాళ్లకి తెలుసు దాని అసలు ఉద్యోగం ఏమిటో.

ఆ మాటీ సూత్రమే ఇవాళ లక్ష రూపాయల ఖరీదు చేసే ఓ వస్తువులో వుందంటే నమ్ముతారా? సంగీతం వినడానికి చెవి లోపల దోపుకునే ఇయర్‌ఫోన్లు వున్నాయి చూశారూ, వాటిలో మేలు రకాన్ని ‘ఇన్-ఇయర్ మానిటర్లు’ అంటారు. వేదిక మీద పాడేవాళ్ల కోసం పుట్టినవి. క్రమంగా ఇళ్లల్లో కూర్చుని వినేవాళ్ల చెవుల్లోకీ వచ్చేశాయి. మామూలు ఇయర్‌ఫోన్ తీగ చెవిలోంచి కిందికి వేలాడుతుంది. వీటి తీగ అలా కాదు, చెవి పైకి వెళ్లి, వెనకనించి దిగుతుంది. తీగ ఎక్కడ లాగినా ఆ లాగుడు చెవి రంధ్రం మీద పడదు. అచ్చంగా మాటీయే!

ఇంత డబ్బు పోసి కొనేటప్పుడు ధ్వని చూసుకోవాలా, సుఖం చూసుకోవాలా అని కొనేవాళ్లు తెగ మథనపడతారు. ఒకటి బాగా వినిపిస్తుంది, చెవి నొప్పెడుతుంది. ఇంకోటి హాయిగా వుంటుంది, పాట అంతగా కట్టిపడెయ్యదు. ఇది ఇవాళ్టి గొడవ అనుకునేరు. దీని వయసు నూట నలభై యేళ్ల పైమాటే. ఇంకో తమాషా ఏమిటంటే, ఈ గొడవ మొదట పడ్డవాళ్లు సంగీతం వినేవాళ్లు కానే కారు. ఉద్యోగం చేసుకునే ఆడపిల్లలు.

గ్రాహంబెల్ టెలిఫోను వచ్చింది 1876లో. రెండేళ్లకల్లా ఎక్స్‌ఛేంజీలు వెలిశాయి. వాటిలో మొదట మగపిల్లల్ని పెట్టారు. వాళ్లు ఫోన్ చేసినవాళ్లని వెక్కిరించడం, ఒకరికి కలపాల్సిన లైను ఇంకొకరికి కలిపి నవ్వుకోవడం, ఎదురు మాట్లాడ్డం... ఇక లాభం లేదని 1878 సెప్టెంబరు 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే అమ్మాయిని ఆపరేటరుగా వేసుకున్నారు. ప్రపంచంలో మొదటి మహిళా టెలిఫోన్ ఆపరేటరు ఆవిడే. అదే రోజు ఆవిడ సోదరి స్టెల్లా కూడా చేరింది. ఎమ్మా గొంతు విన్న జనం మగపిల్లల్ని మళ్లీ రానివ్వలేదు.

గొంతు సంగతి సరే. చెవి మాటేమిటి? ఒక చేత్తో రిసీవరు పట్టుకుని, ఇంకో చేత్తో తీగలు పీకి గుచ్చాలి. ఒక చెయ్యి పోయినట్టే లెక్క. 1880 ప్రాంతాల్లో ఎజ్రా గిల్లిలాండ్ అనే ఆయన దీనికో ఉపాయం ఆలోచించాడు. మాట్లాడే గొట్టాన్నీ వినే రిసీవర్నీ కలిపి, భుజానికి తగిలించే చట్రంలో బిగించాడు. ఆపరేటర్ల రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. కాని ఆ సరంజామా కిలోల్లో తూగేది! పొద్దున ఉద్యోగానికి వెళ్లి భుజాన దాన్ని వేసుకుని, సాయంత్రం దాకా ‘నంబర్ ప్లీజ్’ అంటూ తియ్యగా మాట్లాడాలి. కావడి మోస్తూ జోలపాట పాడమన్నట్టు.

అమెరికాలో ఆడపిల్లలు బరువులు మోస్తున్న ఆ రోజుల్లోనే పారిస్‌లో ఘనులు వినోదం చూస్తున్నారు. 1881లో అక్కడ పెద్ద విద్యుత్ ప్రదర్శన జరిగింది. క్లెమాఁ ఆదేర్ అనే ఇంజినీరు ఒపేరా వేదిక అంచు పొడుగునా టెలిఫోను గ్రాహకాలు అమర్చి, అక్కడినించి తీగలు లాగి, రెండు కిలోమీటర్ల అవతల వున్న ప్రదర్శనశాలలో జనానికి పాట వినిపించాడు. ఒక్కొక్కరికీ రెండు రిసీవర్లు, చెవికొకటి. ఒకటి వేదిక ఎడమవైపు నించి, ఇంకోటి కుడివైపు నించి. పాడుతూ గాయకుడు అటునించి ఇటు నడిస్తే ఆ నడక కూడా తెలిసిందిట! కళ్లు లేకుండా నాటకం చూసినట్టన్న మాట. మనం ఇవాళ స్టీరియో అంటున్నది పుట్టింది అక్కడే. ఎనభైకి దగ్గరపడ్డ విక్టర్ హ్యూగో మనవల్ని వెంటబెట్టుకుని వెళ్లి విని, పిల్లలతో సమానంగా మురిసిపోయాడు. 1890 నించి దాన్ని వ్యాపారంగానే నడిపారు. ఉబ్బసంతో ఇల్లు కదలలేని నవలాకారుడు మార్సెల్ ప్రూస్ట్ 1911లో చందా కట్టి, మంచం మీద పడుకుని ఒపేరాలు వినేవాడు. నవల రాసేవాళ్లకి మంచం మీద పడుకోడానికి ఇంతకన్న మంచి సాకు దొరకదు.

అయితే ఒపేరా ఎంత పొడుగో తెలుసుగా. గంటల తరబడి రెండు చేతుల్తో రెండు రిసీవర్లు చెవులకి అదిమి పెట్టుకుని వినడమంటే మాటలా? చెవికి స్వర్గం, మోచేతులకి నరకం.

ఇక్కడే నాకెంతో ఇష్టమైన మనిషి వస్తాడు ఈ కథలోకి. పేరు ఎర్నెస్ట్ మెర్కాడియే. ఫ్రాన్స్ దేశపు ఇంజినీరు. 1891లో అమెరికాలో ఓ పేటెంటు తీసుకున్నాడు, ‘బై-టెలిఫోన్’ అని. రెండు చిన్న రిసీవర్లు, వాటిని కలుపుతూ వంగిన ఓ కమ్మీ. మొత్తం బరువు ఒకటీ ముప్పావు ఔన్సు లోపే, అంటే మన లెక్కలో యాభై గ్రాములు లేదు! అవతల ఆడపిల్లలు కిలోల బరువు భుజాన మోస్తున్న కాలంలో ఇది. రిసీవర్ల ముక్కులు చెవి రంధ్రాల్లోకే పోతాయి. చేత్తో పట్టుకోనక్కర్లేదు. ఆ ముక్కులకి ఆయన రబ్బరు తొడుగులు పెట్టాడు. ఎందుకు పెట్టాడో పేటెంటులో ఆయనే చెప్పుకున్నాడు. రెండు కారణాలు: చెవికి ఒరిపిడి తగలకుండా వుండాలి, బయటి శబ్దాలు లోపలికి రాకుండా వుండాలి.

కాస్త ఆగి ఆ రబ్బరు ముక్కని చూడండి. ఒరిపిడి తగలకుండా అంటే సుఖం. బయటి చప్పుడు రాకుండా అంటే ధ్వని. రెండింటికీ కలిపి ఒకే ముక్క! ఇవాళ మనం సుఖమా, ధ్వనా అని తక్కెట్లో చెరో పక్కన పెట్టి తూస్తున్నాం గాని, ఆ మహానుభావుడికి అవి రెండు వస్తువులుగా కనిపించనే లేదు. ఈ రోజు దుకాణంలో ఇయర్‌ఫోన్లతో పాటు చిన్నా పెద్దా సైజుల్లో రబ్బరు టోపీలు ఇస్తారే, అవి మెర్కాడియే తొడుగులకి ముని మనవలు.

ఆయన సంగతి లోకం మరిచిపోయింది. మళ్లీ ఈ పని వంటింట్లో మొదలైంది. 1910 ప్రాంతం. అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన, ప్రార్థన మందిరంలో ఉపన్యాసాలు సరిగా వినపడక, వినపడే సాధనం ఏదో తయారు చేద్దామని వంటింటి బల్ల ముందు కూర్చున్నాడు. మైళ్ల కొద్దీ సన్నటి రాగితీగ చుట్టి హెడ్‌ఫోన్ తయారు చేశాడు. నౌకాదళానికి ఊదారంగు సిరాతో ఓ ఉత్తరం రాసి, పరీక్షించి చూడమని పంపాడు. వాళ్లు మొదట పట్టించుకోలేదు. తర్వాత పెట్టుకుని చూస్తే, తమ దగ్గరున్న వాటికన్న ఎంతో మెరుగ్గా వినిపించింది. వెంటనే పంపమన్నారు. ఆయన జవాబేమిటంటే, ఒకసారికి పదికి మించి ఆర్డరు ఇవ్వకండి, నేను వంటింట్లో చేస్తున్నాను అని! పురుషుడు వంటిల్లు ఆక్రమించి తీగలు చుడుతుంటే ఆ ఇల్లాలు పిల్లలకి అన్నం ఎక్కడ వండిందో గాని, రేడియో ఆపరేటర్లకి మాత్రం విందు దొరికింది.

ఇంత బాగా వినిపించే వస్తువు మీద కూడా నౌకాదళం వాళ్లకి ఓ అభ్యంతరం వచ్చింది. ధ్వని గురించి కాదు, తల మీది పట్టీ గురించి. సుఖంగా లేదన్నారు. బాల్డ్విన్ మళ్లీ కూర్చుని, తోలు తొడిగిన రెండు సన్న కమ్మీలు, కావలసినంత జరుపుకునేలా అమర్చి పంపాడు. దానికి పేటెంటు తీసుకోవయ్యా అంటే, ఇంత స్వల్ప విషయానికి పేటెంటెందుకు అని ఊరుకున్నాడుట. తలకి తగ్గట్టు జరిగే ఆ పట్టీ ఇవాళ ప్రపంచంలో దాదాపు ప్రతి హెడ్‌ఫోన్‌కీ వుంది! రేడియో రోజుల్లో ఆయన ఫ్యాక్టరీ పెట్టి బాగా సంపాదించాడు. 1924లో దివాలా తీశాడు. 1961లో బీదవాడుగా పోయాడు.

బాల్డ్విన్ చేసిన రిసీవరు లోపల ఓ కిటుకు వుంది. రెండు అయస్కాంతపు ధ్రువాల నడుమ ఓ చిన్న ఇనపరేకు, తక్కెడ ముల్లులా అటూ ఇటూ కాకుండా నిలబడి వుంటుంది. తీగలో కరెంటు కదిలితే ముల్లు ఊగుతుంది. దానికి తగిలించిన పొర కూడా ఊగి శబ్దం పుడుతుంది. దీన్ని ‘బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్’ అంటారు. పేరు గుర్తుపెట్టుకోకపోయినా ఫరవాలేదు, ముల్లు గుర్తుంచుకోండి. లక్ష రూపాయల ఇయర్‌ఫోన్లో ఇవాళ ఊగుతున్నది ఆ ముల్లే.

వంటింటి బల్ల మీదినించి చెవి రంధ్రంలోకి ఈ ముల్లు ఎలా దూరింది? సంగీతప్రియుల పుణ్యాన మాత్రం కాదు, వినికిడి తగ్గినవాళ్ల పుణ్యాన. 1946లో షికాగో దగ్గర హ్యూ నోల్స్ అనే ఆయన కంపెనీ పెట్టి, వినికిడి యంత్రాలకి కావలసిన బుల్లి మైకులూ రిసీవర్లూ చెయ్యడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో చెవి వినపడనివాళ్లు బ్యాటరీ పెట్టెని రొమ్ము దగ్గర జేబులో పెట్టుకుని, తీగని జుట్టు చాటున దాచుకుని తిరిగేవారు. 1952 చివర్లో ట్రాన్సిస్టరు వచ్చి వాళ్ల బరువు దింపింది. పెట్టె చెవి వెనక్కి, కళ్లజోడు కాడలోకి చేరింది. యంత్రం చిన్నదయ్యే కొద్దీ రిసీవరూ చిన్నదవ్వాలి. అలా చిన్నదవుతూ, అవుతూ బియ్యపుగింజంత అయింది. చెవిలో రోజంతా వుండాల్సిన వస్తువు కాబట్టి నొప్పెట్టకూడదు. అందుకని చెవి అచ్చు తీసి, దానికి సరిపడా బిళ్ల చేసి పెట్టే విద్య కూడా ఆ వినికిడి యంత్రాల వాళ్లదే. పక్కింట్లో చెవిటి మామ్మగారు పెట్టుకున్న యంత్రాన్ని చూసి నవ్వుకునే కుర్రకారుకి ఈ మాట కాస్త గట్టిగా వినిపించాలి.

సామాన్యులు మాత్రం ఈలోగా వేరే దారిన పోతున్నారు. 1954లో అమెరికాలో జేబు ట్రాన్సిస్టరు రేడియో వచ్చింది. దానితో పాటు ఒంటి చెవి ఇయర్‌ఫోను. మన ఇళ్లల్లో కూడా ఆ మీగడరంగు గుండీని చాలామంది చూసే వుంటారు. మా నాన్నగారు ఆఫీసు కాయితాలు చూస్తూనే క్రికెట్ వ్యాఖ్యానం వినేది దానితోనే. పెద్దలకి ఒక చెవి లోకానికి వదిలెయ్యడం అలవాటు. అమ్మ పిలిస్తే వినపడేది.

రెండు చెవులూ మూసుకోవడం 1979తో మొదలైంది. ఆ సంవత్సరం జులై 1న జపాన్‌లో సోనీ వాక్‌మన్ వచ్చింది. దాన్ని తయారు చేయించిన అకియో మోరిటా, మొదటి నమూనాని ఇంటికి తెచ్చుకుని, చెవులకి పెట్టుకుని తన్మయంగా వింటున్నాడుట. కాసేపటికి చూస్తే భార్య ముఖం ముడుచుకుని వుంది. ఇంట్లో వుండి కూడా లేనట్టు కూర్చున్న మొగుణ్ణి చూస్తే ఎవరికి మాత్రం కోపం రాదూ! వెంటనే ఆయన రెండో హెడ్‌ఫోన్‌కి కూడా చోటు పెట్టించాడు. మాట్లాడుకోవాలంటే పాట తగ్గించే నారింజరంగు బొత్తాం ఒకటి పెట్టించాడు. ఓ ఇల్లాలి అలక వల్ల ప్రపంచ ప్రఖ్యాత యంత్రానికి రెండో రంధ్రం పడింది. తర్వాతి మోడళ్లలో ఆ బొత్తాం పోయిందనుకోండి. ఇళ్లల్లో మొగుళ్ల చెవులు మూసుకునే వున్నాయి, ఇప్పుడు పిల్లల చెవులూను.

చెవి రంధ్రం లోపలికి, బాగా లోతుగా పోయే ఇయర్‌ఫోను సంగీతం కోసం వచ్చింది 1991లో. చేసినవాడు మీడ్ కిలియన్. అంతకు ముందు నోల్స్ కంపెనీలోనే పనిచేసిన శాస్త్రజ్ఞుడు. ఎటిమోటిక్ అని సొంత సంస్థ పెట్టి, ‘ఈఆర్-4’ అనేదాన్ని తెచ్చాడు. వినికిడి యంత్రపు బుల్లి ముల్లునే పాట వినడానికి వాడాడు. దానికి మూడంతస్తుల రబ్బరు గొడుగు. అది రంధ్రంలోకి సగం దాకా పోతే గాని పాట కుదరదు. వినేవాళ్లలో కొందరు, ఇంత స్వచ్ఛంగా ఎన్నడూ వినలేదన్నారు. కొందరు, మెదడుకి తగులుతోంది బాబోయ్ అని పీకేశారు. ఇద్దరి మాటా నిజమే. చెవులు వేరు కదా.

ఈలోగా వేదిక మీద ఇంకో బాధ నడుస్తోంది. మన ఊళ్లల్లో పాడే జానపద గాయకుణ్ణి గమనించండి, హెచ్చు స్థాయికి వెళ్లేటప్పుడు చెవి మీద చెయ్యి పెట్టుకుంటాడు. తన గొంతు తనకి వినపడ్డానికి. డప్పుల మధ్య తన గొంతు తనకి వినపడకపోతే శృతి ఎక్కడ నిలుస్తుంది? పాశ్చాత్య రాక్ బృందాల్లో ఈ బాధ వెయ్యి రెట్లు. వాళ్ల గొంతు వాళ్లకి వినిపించడానికి కాళ్ల దగ్గర స్పీకర్లు పెడతారు. డోలు వాయించేవాడు తన చప్పుడు మించి వినపడాలని దాన్ని పెంచమంటాడు. అది పెరిగిందని గాయకుడు తనది పెంచమంటాడు. ఉమ్మడి కుటుంబంలో వాదన లాగే. చివరికి ఎవరి మాటా ఎవరికీ వినపడదు, అందరి చెవులూ పాడవుతాయి. వాన్ హేలెన్ బృందంలో డ్రమ్ములు వాయించే అలెక్స్ వాన్ హేలెన్ చెవులు అలాగే దెబ్బతిన్నాయి. 1995లో ఆయన కోసం వాళ్ల శబ్ద ఇంజినీరు జెర్రీ హార్వీ చెవి అచ్చుకి సరిపోయే గుల్ల చేయించి, అందులో ఒకటి కాదు, రెండు రిసీవర్లు పెట్టాడు. మంద్రానికి ఒకటి, తారానికి ఒకటి. గుల్ల చెవిని పూర్తిగా మూసేస్తుంది గనక బయటి హోరు లోపలికి రాదు. లోపలి పాటని గట్టిగా పెట్టుకోవాల్సిన అవసరం వుండదు. హార్వీ అక్కడితో ఆగకుండా అల్టిమేట్ ఇయర్స్ అనే కంపెనీయే పెట్టాడు.

అక్కడినించి పోటీ మొదలైంది. రెండు రిసీవర్లు మూడయ్యాయి, అయిదయ్యాయి, పదీ పన్నెండూ దాటాయి. కాసులపేరులో కాసులు లెక్కపెట్టుకున్నట్టు కొనేవాళ్లు రిసీవర్లు లెక్కపెట్టడం మొదలెట్టారు. నాకు ఇది అంత తెలివైన లెక్కగా కనిపించదు. రిసీవర్లు పెరిగితే గుల్ల పెరుగుతుంది. చెవి డొప్ప మాత్రం దేవుడిచ్చినంతే వుంటుంది.

మా అన్నయ్య కూతురు ఇంజినీరు. జీతం వచ్చాక కొనుక్కున్న మొదటి విలాసం ఇదే. రెండు జతల మధ్య తేల్చుకోలేక, రెండూ ఇంటికి తెచ్చి చూసుకునే వీలు సంపాదించి, నాలుగు రోజులు మా ఇంట్లో మకాం వేసింది. పేర్లెందుకు లెండి. ఒకటి పెద్ద లోహపు గుల్ల, అద్దంలా మెరుస్తోంది. ఇంకోటి చిన్నది, నల్లగా, చూడ్డానికి ఏమంత లేదు.

“అత్తా, ఈ పెద్దది పెట్టుకుంటే సముద్రం ఒడ్డున నించున్నట్టుంది. ఈ చిన్నది హాల్లో మూడో వరసలో కూర్చున్నట్టుంది. ఏది కొనను?” అంది.

నాకూ పెట్టింది. సుశీలగారి పాత పాట. ఆ రోజుల్లో పాటా వాద్యాలూ కలిపి ఒకేసారి రికార్డు చేసేవారు. చరణానికీ చరణానికీ మధ్య ఆవిడ ఊపిరి పీల్చుకోవడం వినిపించింది! చిన్నప్పటినించీ వెయ్యిసార్లు విన్న పాటలో ఆ ఊపిరి ఎప్పుడూ వినలేదు నేను. పెద్దదాంట్లో వెనకాల వయొలిన్లు ఎంత దూరాన కూర్చున్నాయో కూడా తెలిసినట్టనిపించింది. మనసు దానివైపే పోయింది, దాచడమెందుకు.

మూడోరోజు మధ్యాహ్నం పిల్ల పెద్దదాన్నే పెట్టుకుని పనిచేసుకుంటోంది. గంట గడిచేసరికి ఎడమ చెయ్యి మాటిమాటికీ చెవి దగ్గరికి పోతోంది. నేను బుట్టని పైకెత్తి పట్టుకున్నట్టే! కాసేపటికి ఎడమవైపుది కాస్త వదులు చేసింది. ఇంకాసేపటికి ఫోను తీసి శబ్దం పెంచింది.

“ఎందుకే పెంచావు?”

“మృదంగం ఆనడం లేదత్తా.”

అసలు కిటుకంతా అదే. మంద్రస్థాయి ధ్వనులు చెవి రంధ్రంలో వున్న పిసరంత గాలిని పట్టి ఊపితే గాని వినపడవు. రంధ్రం పూర్తిగా మూసుకుని వుండాలి. వెంట్రుకవాసి సందు దొరికినా ముందు జారిపోయేది మృదంగం. సైకిలు ట్యూబులో చిల్లు లాంటిది. నొప్పెట్టి వదులు చేస్తాం, సందు ఏర్పడుతుంది, మృదంగం పోతుంది, బయటి చప్పుడు లోపలికి వస్తుంది, అప్పుడు శబ్దం పెంచుతాం. సుఖంగా లేని ఇయర్‌ఫోను ఎంత గొప్పదైనా, అరగంట తర్వాత వినిపించేది దాని అసలు ధ్వని కానే కాదు. దుకాణంలో అయిదు నిమిషాలు విని కొనేవాళ్లు కొంటున్నది ఆ అయిదు నిమిషాలనే.

శబ్దం పెంచితే ఏమవుతుందంటారా? 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకి ఎనిమిది గంటలు వుండచ్చని అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం చూసే సంస్థ లెక్క కట్టింది. అక్కడినించి ప్రతి మూడు డెసిబెల్స్‌కీ సమయం సగానికి సగం తగ్గిపోతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు. 100కి చేరేసరికి పావుగంటే! వినికిడికి ఆధారమైన సూక్ష్మమైన రోమకణాలు ఒక్కో చెవిలో పదిహేను వేల చిల్లరే వుంటాయి. పోయినవి మళ్లీ మొలవవు. లోకంలో వంద కోట్ల మందికి పైగా కుర్రవాళ్లు, పన్నెండేళ్లనించి ముప్ఫై అయిదేళ్ల లోపు వాళ్లు, ఇలా గట్టిగా వినే అలవాటు వల్ల చెవులు పోగొట్టుకునే ప్రమాదంలో వున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా పిల్లకి ఆ అంకెలన్నీ వినిపిస్తే మౌనంగా ఫోను తీసి తగ్గించింది. తగ్గిస్తే పాట బాగాలేదని పెద్దదాన్నే తీసి పక్కన పెట్టింది.

“కుడిచెవికి నొప్పి లేదు, ఎడమదానికే ఎందుకు?” అని దాని సందేహం. ఒకే మనిషికి రెండు చెవులూ ఒకలా వుండవు. చెప్పుల జత కొన్నప్పుడు ఒక కాలికి బిగువుగా వుంటుంది చూడండి, అలా. ఇక మనిషికీ మనిషికీ వుండే తేడా చెప్పనక్కర్లేదు. నోల్స్ కంపెనీయే 1972లో ఓ బొమ్మని తయారు చేసింది. తలా, మొండెమూ, రబ్బరు చెవులూ వున్న ఆ బొమ్మ పేరు కెమార్. ఆడా మగా ఎందరివో కొలతలు తీసుకుని సగటు కట్టిన మనిషి. దాని చెవిలో మైకు పెట్టి ఎలా వినిపిస్తుందో కొలుస్తారు. దానికి పెద్ద చెవులు ఓ జత, చిన్న చెవులు ఓ జత చేశారు. చిన్నవి ఎవరి కోసమనుకున్నారు? పాశ్చాత్య స్త్రీల కోసమూ, జపాన్ వాళ్ల కోసమూ. అంటే ఆడవాళ్ల చెవులు సగటున చిన్నవని వాళ్లకి తెలుసు. తెలిసీ దుకాణాల్లో ఖరీదైన గుల్లలు ఎందుకంత పెద్దవిగా వుంటాయో నాకు బోధపడదు. ధ్వని విషయంలో కూడా ఓ తేడా వుంది. అమెరికాలో హార్మన్ కంపెనీ పరిశోధకులు వందలమందిని కూర్చోబెట్టి, మంద్రం ఎంత కావాలో మీరే తిప్పుకోండని మీటలిస్తే, మగవాళ్లకన్న ఆడవాళ్లు సగటున తక్కువే పెట్టుకున్నారు. కుర్రవాళ్లు ఎక్కువ పెట్టుకున్నారు. కాబట్టి ఎవరో మగపిల్లాడు ఆహా ఓహో అన్నాడని కొనెయ్యకండి. ఆయన చెవి వేరు, మీ చెవి వేరు.

మా పిల్ల చిన్నదే వుంచుకుంది. ఎడమచెవికి చిన్న రబ్బరు టోపీ, కుడిచెవికి మధ్యరకం. రెండింటికీ ఒకే సైజు పెట్టుకోవాలని ఎక్కడా శాసనం లేదు. రబ్బరు పడకపోతే మెత్తటి నురుగు టోపీలుంటాయి. వేళ్లతో నలిపి దోపితే లోపల మెల్లగా విచ్చుకుంటాయి. సరిగా మూసుకుందో లేదో తెలియాలంటే, పెట్టుకుని ‘ఊఁ’ అని గొంతులో అనుకోవాలి. బావిలోంచి వచ్చినట్టు మీ గొంతు మీకే బొంగురుగా మోగితే మూసుకున్నట్టు. తర్వాత గంటసేపు దాని సంగతి మరిచిపోయి పని చేసుకోవాలి. చెయ్యి చెవి దగ్గరికి పోకపోతే ఆ జత మీది.

ఏ రెడీమేడూ సరిపడని వాళ్లకి, పాటే వృత్తి అయిన వాళ్లకి, కొలతిచ్చి చేయించుకోవడం ఎలాగూ వుంది. వినికిడి నిపుణుల దగ్గరికి వెళ్తే, ముందు చెవి శుభ్రంగా వుందో లేదో చూసి, దారం కట్టిన ఓ స్పాంజి ముక్కని లోతుగా పెడతారు. కర్ణభేరికి అది అడ్డు. దాని మీద చల్లటి సిలికాన్ ముద్దని నింపుతారు. కాసేపు లోకమంతా నీళ్లలో మునిగినట్టుంటుంది. ముద్ద గట్టిపడ్డాక దారం పట్టుకుని లాగితే మీ చెవి లోపలి ఆకారం, మెలికలతో సహా, అరచేతిలోకి వస్తుంది. ఆ కొలత తీసినంతసేపూ పళ్ల మధ్య ఓ చిన్న దిమ్మ పెట్టి నోరు తెరిచే వుంచమంటారు. దవడ కదిలితే చెవి రంధ్రం ఆకారం మారుతుంది. నోరు మూసుకున్నప్పుడు తీసిన కొలతతో గుల్ల చేస్తే, గాయని పల్లవి ఎత్తుకున్న మరుక్షణం సందు పడిపోతుంది. అలా చేసిన గుల్ల కూడా శాశ్వతం కాదు. ఒళ్లు వచ్చినా తగ్గినా, నాలుగైదేళ్లు గడిచినా, చెవి మారుతుంది. జాకెట్టుకైతే దర్జీ లోపల కాస్త గుడ్డ వదులుతాడు, కుట్టు విప్పి పెంచుకోడానికి. ఈ గుల్లలకి ఆ వీలు లేదు. మళ్లీ వెళ్లి, నోరు తెరుచుకుని కూర్చుని, కొత్తగా కొలత ఇవ్వాల్సిందే.